మూడు కుంటల ఊరికి డెర్త్ మంజూరు

త్రపాంగ్ బీ గ్రామానికి డెర్త్ మంజూరైనట్టు నాంపెన్‌లోని సమృద్ధి భాగస్వామ్య సంస్థ అధికారికంగా ప్రకటించింది. ఒక ఇంగ్లీషు మాట ఒక పల్లెటూరికి పూర్తిస్థాయిలో, ప్రహరీగోడతో సహా, మంజూరు కావడం కంబోడియాలో ఇదే మొదటిసారి అని ఆ ప్రకటనలో ఉంది. పక్క ఊళ్ళవాళ్ళు అసూయతో రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

డెర్త్ అంటే ఏమిటో తెలియని పాఠకులు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. మంజూరు చేసినవారిలో కూడా ఇద్దరికి తెలియదు. మనం నీళ్ళ విషయంలో ఎద్దడి అంటాం, బియ్యం విషయంలో కొరత అంటాం, రెండూ కలిసొస్తే కరువు అంటాం. ఇంగ్లీషువాళ్ళు ఆ సంగతినే నాలుక కొసను పళ్ళ మధ్య పెట్టి చెబుతారు. తేడా అంతే. కానీ ఆ నాలుక కొస దగ్గరే త్రపాంగ్ బీ ఊరి బడి ప్రాణం వేలాడింది.

ఆ బడికి పంతులమ్మ మాలిస్. ఆమె చేతికింద నలభై ముగ్గురు పిల్లలు, రెండు నల్లబల్లలు, ఒక సిమెంటు బాన. ఆ ఊళ్ళో ప్రతి ఇంటి ముందూ మనిషి ఎత్తు బాన ఉంటుంది. వాన పడితే నిండుతుంది, వాన ఆగితే ఎండుతుంది. త్రపాంగ్ బీ అంటే మూడు కుంటలు. పేరు పెట్టిన రోజున మూడూ ఉండేవట. ఏప్రిల్ నెలలో మొదటి కుంటలో కుర్రకారు వాలీబాల్ ఆడేది. రెండోదాంట్లో ఎడ్లను కట్టేసేవారు. మూడోదాంట్లో ఊరి పెద్ద ఛోమ్ తాత గడ్డివాము వేసుకున్నాడు గనుక దాన్ని కుంట అని పిలిస్తే ఆయనకు కోపం వచ్చేది.

బడి బానలో నీళ్ళు జానెడు లోతుకు దిగిన రోజునే జిల్లా విద్యా కార్యాలయం నుంచి కాగితం వచ్చింది. కొత్త తరగతులు మొదలయ్యేలోగా బడి ఆవరణకు ఏడాది పొడవునా నీటి వసతి చూపించాలి. లేదంటే బడిని మూసి, పిల్లల్ని ఏడు కిలోమీటర్ల అవతల ఏటి ఒడ్డు ఊరి బడిలో కలుపుతారు. పిల్లల ఆరోగ్యం మీద ఉన్న శ్రద్ధకొద్దీ ఈ నిర్ణయం తీసుకున్నామని కింద రాశారు. ఆరేళ్ళ పిల్ల ఎండలో పద్నాలుగు కిలోమీటర్లు నడిస్తే ఆరోగ్యం ఎంత బాగుపడుతుందో లెక్క మాత్రం రాయలేదు.

మాలిస్ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి హాజరు పుస్తకంలో దాచింది. ఊరికి ఒక లోతు బోరు పడాలి. బోరు వేసేది ఆ జిల్లాలో ఒక్క సమృద్ధి సంస్థే. ఆ సంస్థ ఊరికే బోరు వేయదు. ముందు సర్వే చేస్తుంది.

చేసింది కూడా. అక్కడే కథ అడ్డం తిరిగింది.

సర్వే కాగితం అంతకు రెండేళ్ళ ముందే ఇంగ్లీషులో తయారైంది. అందులో ప్రశ్న ఒక్కటే: మీ ఇంట్లో డెర్త్ ఉందా? దీన్ని ఆ దేశపు ఖ్మేర్ భాషలోకి తేవడానికి నాంపెన్‌లో పదకొండు మంది పండితులతో ఒక సంఘం వేశారు. సంఘం పద్నాలుగు నెలలు కూర్చుంది. పల్లెలో వాడే మాటలు మరీ పల్లెటూరి మాటల్లా ఉన్నాయని కొట్టేసింది. చివరికి పాళీ నుంచి, సంస్కృతం నుంచి చెరో ముక్కా తెచ్చి అతికించి 'దుల్లభభావం' అనే మాటను పుట్టించింది. పుట్టిన సందర్భంగా విందు కూడా జరిగింది. పాఠకులకు ఈ మాట చూడగానే అర్థమైపోయి ఉంటుంది. ప్రభుత్వ కాగితాలు చదివి చదివి మనం అలా తయారయ్యాం. త్రపాంగ్ బీ జనం ఇంకా అంత అభివృద్ధి చెందలేదు.

సర్వేకి వచ్చిన కుర్రాళ్ళు ఇంటింటికీ వెళ్ళి, "మీ ఇంట్లో దుల్లభభావం ఉందా?" అని అడిగారు.

జనం ఆలోచించారు. పేరు ఎప్పుడూ వినలేదు. ఖరీదైన వస్తువులా ఉంది. అంత పెద్ద పేరున్న వస్తువు మన కొంపలో ఎందుకుంటుంది? అందుకని ప్రతి ఇంటివాళ్ళూ ఒకే జవాబు చెప్పారు. "ఒత్."

ఒత్ అంటే ఖ్మేర్‌లో లేదు అని. నూట పన్నెండు ఇళ్ళు, నూట పన్నెండు ఒత్‌లు. 'త్రపాంగ్ బీలో ఏ రకమైన కొరతా లేదు' అని సర్వే తేల్చింది. అదే బృందం ఏటి ఒడ్డు ఊరికి వెళ్తే అక్కడి పెద్ద ఛాతీ విరుచుకుని, "ఎందుకు లేదూ? బోలెడుంది. మీకెన్ని బస్తాలు కావాలి?" అన్నాడట. బోరు ఆ ఊరికి వెళ్ళింది. ఏటికి ముప్పై గజాల దూరంలో వేశారు. రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉంటాయి.

మాలిస్ ఊరుకోలేదు. ఇంగ్లీషులో మూడు పేజీల ఉత్తరం రాసింది. మా ఊళ్ళో కొరత ఉంది, కొరతకు మీరు పెట్టిన పేరే మాకు లేదు, దయచేసి మళ్ళీ వచ్చి బాన మూత ఎత్తి చూడండి అని రాసింది. సంస్థ ఉత్తరాన్ని చాలా శ్రద్ధగా చదివింది. అందులోంచి ఒక్క వాక్యం పట్టుకుంది. ఊరికి మాట లేదు. అంటే ఊరికి మాట అందించాలి. నీళ్ళ సంగతి తర్వాత చూడవచ్చు.

ఆ విధంగా డెర్త్ అవగాహన పథకం పుట్టింది. అనువాదంతో వచ్చిన తంటా గనుక ఈసారి అనువాదం వద్దనుకున్నారు. అసలు ఇంగ్లీషు మాటనే ఖ్మేర్ ప్రజలకు నేరుగా నేర్పుతారు. నేర్చుకున్న ఊరికి విదేశం నుంచి పరిశీలకురాలు వస్తుంది. ఊరివాళ్ళు తమ సొంత నోటితో ఆ మాట పలికి, తమ పరిస్థితి చెప్పుకుంటే బోరు ఖాయం. మాలిస్‌ను 'భాషా వారధి'గా నియమించి మెడలో వేసుకునే కార్డు ఒకటి ఇచ్చారు. కార్డు మీద ఫొటో వేరే ఎవరిదో. అయినా మాలిస్ మెడలో వేసుకుంది. బడి నిలబడాలంటే ఎవరి ముఖంతోనైనా సరే పని కావాలి.

శిక్షకుడు వుత్థీగారు నాంపెన్ నుంచి ఏసీ కారులో దిగారు. వెనక ట్రాలీలో నీళ్ళ సీసాల పెట్టెలు. శిక్షణకు వచ్చిన వారికి తలా ఒక సీసా ఇవ్వాలని నిబంధన. ఆ వార్త ఊళ్ళోకి వుత్థీగారికంటే ముందే చేరింది. బడి వసారాలో కూర్చోవడానికి చోటు చాలక మూడో కుంటలో గడ్డివాము ఎక్కి కూర్చున్నారు కొందరు. ఇంగ్లీషు మీద ఖ్మేర్ రైతుకు ఇంత మక్కువ ఉందని ఇంతవరకు ఎవరూ గమనించలేదని వుత్థీగారు ఆ రోజే నివేదిక పంపారు.

"సోదరసోదరీమణులారా!" అని ఆయన మొదలుపెట్టారు. "కొరత ఉండటం గొప్ప కాదు. కొరత అందరికీ ఉంటుంది. దానికి అంతర్జాతీయ స్థాయి పేరు ఉండటం గొప్ప. పేరు లేని కొరతతో మీ తాతలు బతికారు, మీ తండ్రులు బతికారు. మీరు ఆ చీకటిలోంచి బయటికి రావాలి. అనండి. డెర్త్!"

"డెత్!" అంది ఊరంతా ఏకకంఠంతో.

మాలిస్ ఉలిక్కిపడింది. "అమ్మో, అది కాదు. అదంటే చావు."

"ఇదంటే?" అని అడిగింది ముందు వరసలో యీన్ అవ్వ. ఆమెకు డెబ్బై తొమ్మిదేళ్ళు. మెడలో గళ్ళ తుండుగుడ్డ, నోట్లో తమలపాకు. అవ్వ నోరు విప్పితే ఛోమ్ తాత కూడా పక్కకు జరుగుతాడు.

"ఇదంటే నీళ్ళూ అవీ లేకపోవడం, అవ్వా."

"మరి ఇది వస్తే అది రాదూ? రెంటికీ ఒకే పేరుంటే నష్టమేంటే పిల్లా?"

వుత్థీగారు నవ్వి, తేడా నాలుకలో ఉందని చెప్పారు. నాలుక కొసను పైపళ్ళకూ కిందపళ్ళకూ మధ్య ఉంచి గాలి వదలాలి. ఖ్మేర్‌లో అలాంటి ధ్వని లేదు. ఊరంతా నాలుకలు బయటపెట్టింది. బండి మీద పోతున్న పక్క ఊరి ఆసామి ఒకడు ఇది చూసి, నూట యాభై మంది తనను వెక్కిరిస్తున్నారనుకుని రాయి విసిరాడు.

"అవ్వా, నువ్వు అనడం లేదే?" అన్నారు వుత్థీగారు.

"పళ్ళ మధ్య పెట్టమంటివి కదా సారూ. పళ్ళేవీ?" అని అవ్వ నోరు తెరిచి చూపించింది.

వుత్థీగారు దీన్ని కూడా నివేదికలో రాశారు. లబ్ధిదారుల్లో పళ్ళ డెర్త్ వల్ల డెర్త్ ఉచ్చారణకు అవరోధం కలుగుతోంది, కట్టుడు పళ్ళకు అదనపు నిధులు కావాలి.

ఉచ్చారణ అయ్యాక అర్థం. ఇక్కడ వుత్థీగారి ప్రతిభ బయటపడింది. ఆయన ఒక నీళ్ళ సీసా ఎత్తి పట్టుకున్నారు. చల్లటి సీసా, చుట్టూ చెమట పట్టి ఉంది. నూట యాభై జతల కళ్ళు దానికి అతుక్కున్నాయి. ఆయన మూత తిప్పారు. గటగటా తాగేశారు. మూతి తుడుచుకుని, సీసా ఊపి, "డెర్త్!" అన్నారు. తర్వాత అందరికీ తలా ఒక సీసా పంచుతూ ప్రతి ఒక్కరి చేతా "డెర్త్" అనిపించారు. అన్నవాళ్ళకు సీసా, అననివాళ్ళకు మళ్ళీ అవకాశం.

నెల రోజుల్లో ఎనిమిది తరగతులు జరిగాయి. ప్రతి తరగతిలోనూ ఆయన ఒక సీసా తాగి డెర్త్ అన్నారు. ప్రతి ఒక్కరూ డెర్త్ అని ఒక సీసా తీసుకున్నారు. ఆ నెల ఆ ఊరు తాగింది ఆ నీళ్ళే. పిల్లలు ఖాళీ సీసాలు బడికి తెచ్చి, "పంతులమ్మా, మా డెర్త్ అయిపోయింది" అనేవాళ్ళు. మాలిస్ అది విని మురిసిపోయింది. పిల్లలు ఎంత చక్కగా వాక్యంలో వాడుతున్నారు! ఆమె చేసిన తప్పు అదొక్కటే. ఆ వాక్యం అర్థం ఏమిటని ఒక్కసారైనా అడగలేదు.

పరిశీలకురాలు వచ్చే రోజు ఖరారైంది. వుత్థీగారు చివరి సూచన ఇచ్చారు. పోయినసారి కొంప ముంచింది 'ఒత్' అనే మాట. కాబట్టి వారం రోజుల ముందునుంచి ఊళ్ళో ఎవరూ ఒత్ అనకూడదు. అలవాటు తప్పించాలి.

"సార్, అది కుదరదు" అంది మాలిస్. "ఆ మాట తీసేస్తే మాకు భాషలో సగం పోతుంది."

"సగం ఉంటుంది కదమ్మా" అన్నారు వుత్థీగారు.

ఖ్మేర్‌లో లేదు అన్నా ఒత్తే, వద్దు అన్నా ఒత్తే. అన్నం లేకుండా పస్తుండటం కూడా ఒత్‌తోనే మొదలవుతుంది. ఓర్చుకోవడానికీ ఒత్ కావాలి. ఆఖరికి క్షమించమని అడగాలన్నా ముందు ఒత్ అని తీరాలి. లేకపోవడం, పస్తుండటం, ఓర్చుకోవడం, క్షమించడం, ఇన్నిటినీ ఒకే మాటలో ఇరికించిన జాతికి కొరత గురించి ఎవరో వచ్చి నేర్పాలనుకోవడం ఎంత గొప్ప ఆశయమో పాఠకులే గ్రహించగలరు.

వారం రోజుల్లో జరిగినవి ఇవి. ప్రహోక్ అమ్మే ఆమె నాలుగు కుండల ఊరవేసిన చేప తెచ్చి, కావాలా అని అడిగింది. ఎవరూ వద్దనలేక పుచ్చుకున్నారు. నాలుగు కుండలూ ఒక్క పూటలో చెల్లిపోయాయి. ఆమె మర్నాడు పదహారు తెచ్చింది. ఊరంతా ఒకటే కంపు. ఎదురెదురు ఇళ్ళ ఇద్దరు వియ్యపురాళ్ళకు కోడి విషయంలో గొడవ వచ్చింది. తప్పు ఒప్పుకుందామంటే ఆ మాట ఒత్‌తో మొదలవుతుంది. గొడవ పెరిగి పెరిగి కోడి ముసలిదైపోయింది. తాటిచెట్లెక్కే సారిన్ అనే నలభై ఏళ్ళ బ్రహ్మచారి ఇదే అదనని బడికి వచ్చి, గుమ్మం దగ్గర చేతులు జోడించి నిలబడ్డాడు.

"పంతులమ్మా, నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

మాలిస్ నోరు తెరిచింది. మూసింది. వసారా నిండా పిల్లలు ఆమెవంకే చూస్తున్నారు. ఆమె ఒత్ అంటే నలభై మూడు నోళ్ళు సాయంత్రానికల్లా ఒత్ అంటాయి.

"వర్షాలు పడ్డాక మాట్లాడదాం, సారిన్ అన్నా" అంది పళ్ళు బిగించి.

"అంటే సరే అన్నట్టేగా?"

"వర్షాలు అన్నాను."

"పడతాయిలే" అని సారిన్ హుషారుగా వెళ్ళి ఊళ్ళో కొబ్బరి నీళ్ళు పంచాడు.

పరిశీలకురాలి పేరు హెల్గా. మనసు మెత్తన. ముప్పై ఏళ్ళుగా నలభై దేశాల్లో కొరతను దగ్గరగా చూసి, ప్రతిసారీ సాయంత్రానికి హోటలుకు చేరుకున్న మనిషి. ఆమెకు ఒక నియమం ఉంది. లబ్ధిదారుల గొంతులో ఎవరి గొంతూ కలవకూడదు. అందుకని బల్ల మీద రికార్డర్ పెట్టింది. చీటీ తీస్తే యీన్ అవ్వ పేరు వచ్చింది. భాషా వారధి ప్రశ్నను ఉన్నదున్నట్టు చెప్పాలి. డెర్త్ అన్న మాటను మాత్రం ముట్టుకోకూడదు.

ఊరంతా బడి ముందు నిలబడింది. హాజరు పుస్తకంలో ఆ నాలుగు మడతల కాగితం ఇంకా అలాగే ఉంది. ఈ ముసలామె నోట ఒక్క మాట సరిగా వస్తే బడి నిలుస్తుంది.

"అవ్వా, మన ఊళ్ళో డెర్త్ ఉందా అని అడుగుతున్నారు."

యీన్ అవ్వ తమలపాకు పక్కకు ఉమ్మింది. గొంతు సవరించుకుంది. నెల రోజుల సాధనంతా నాలుక మీదికి తెచ్చుకుని, పళ్ళు లేకపోయినా చిగుళ్ళ మధ్య పెట్టి, ఇంగ్లీషు దొరసాని కూడా అంత బాగా అనలేనంతగా అంది.

"డెర్త్! ఉండేది తల్లీ. ఈ నెలంతా బాగానే వచ్చింది. చల్లగా ఉండేది. పిల్లలు కూడా తాగారు. మొన్నటితో అయిపోయింది. ఇప్పుడు అన్నీ ఖాళీ సీసాలే." అప్పటికి వారం రోజులుగా ఆపుకున్నది ఇక ఆగలేదు. "డెర్త్ ఒత్! ఒత్, ఒత్, ఒత్!"

కట్ట తెగినట్టు ఊరంతా ఒత్ అంది. ఆడవాళ్ళు ఖాళీ సీసాలు పైకెత్తి ఊపారు. "మాకు డెర్త్ కావాలి!" అని ఛోమ్ తాత అరిచాడు. "రోజూ కావాలి!" అని వెనకనుంచి కేకలు. "పక్క ఊరికిచ్చి మాకెందుకివ్వరు?"

మాలిస్‌కు అప్పుడు అర్థమైంది. నెల రోజుల సీసాలు, వుత్థీగారి గటగటలు, పిల్లల వాక్యాలు, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందు తిరిగాయి. ఊరికి డెర్త్ అంటే నీళ్ళు.

మాలిస్ ఆ నియమం పక్కన పెట్టింది. "అమ్మా, పొరపాటు జరిగింది. వీళ్ళు డెర్త్ అంటే నీళ్ళు అనుకుంటున్నారు. నీళ్ళు లేవని చెబుతున్నారు. ఒక్కసారి ఆ బాన మూత ఎత్తి చూడండి."

"పంతులమ్మగారు తన సొంత అభిప్రాయం చెబుతున్నారు" అన్నారు వుత్థీగారు వెంటనే. ఎనిమిది తరగతులు నడిపిన మనిషి, జనానికి అర్థం తప్పుగా తెలిసిందని ఎలా ఒప్పుకుంటారు? "ఆ పెద్దావిడ అన్నది స్పష్టంగా ఉంది. డెర్త్ లేదు, డెర్త్ కావాలి. ఉచ్చారణ కూడా నూటికి నూరు."

"అక్షరాలా అదే అందా?" అని హెల్గా అడిగింది.

అక్షరాలా అయితే అదే. మాలిస్ తల వంచుకుంది.

హెల్గా కళ్ళజోడు తీసింది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. ముప్పై ఏళ్ళలో, నలభై దేశాల్లో, ప్రతి ఒక్కరూ ఆమెను ఏదో ఒకటి ఇమ్మనే అడిగారు. కొరతను ఇమ్మని చేతులెత్తి అడిగిన జనాన్ని ఆమె ఇప్పుడే చూస్తోంది. "బుద్ధుని మార్గం" అని మెల్లగా అంది. "ఏమీ వద్దనుకునే మార్గం." యీన్ అవ్వ చేతులు పట్టుకుంది. అవ్వ ఆ చేతుల్లో సీసా ఏమైనా ఉందేమోనని చూసుకుంది.

కారు ఎక్కేముందు హెల్గాకు దాహం వేసింది. వుత్థీగారు ఆఖరి సీసా ఇచ్చారు. ఊరు ఊరంతా గౌరవంగా, శిక్షణలో నేర్పినట్టు, ఒక్క గొంతుతో "డెర్త్" అంది.

పదిహేను రోజుల్లో మంజూరు ఉత్తరం వచ్చింది. త్రపాంగ్ బీ ప్రజల కోరికను సంస్థ పూర్తిగా మన్నించింది. బోరు ప్రసక్తి లేదు. ఆ ఊళ్ళో డెర్త్ కేంద్రం నిర్మిస్తారు. ఒక హాలు, రెండు గదులు, ప్రహరీగోడ, పైన ఇంగ్లీషు అక్షరాల బోర్డు. ప్రపంచం నలుమూలల నుంచి జనం వచ్చి, తృప్తిగా లేకుండా ఉండటం ఎలాగో, కాదు, లేకుండానే తృప్తిగా ఉండటం ఎలాగో అక్కడ నేర్చుకుంటారు. ఉత్తరంలో ఈ వాక్యం రెండు రకాలుగానూ ఉంది. స్థలం బడి ఆవరణలోనే.

మాలిస్ ఆ రోజు బడిలో పాఠం చెప్పలేదు. యీన్ అవ్వ ఇంటి మెట్ల మీద కూర్చుని ఉత్తరం చదివి వినిపించింది.

"నా నాలుక కాల్చాలి" అంది అవ్వ.

"నీ నాలుక ఒక్కటే సరిగా పలికింది అవ్వా."

మర్నాడు పొద్దున కాంట్రాక్టరు లారీతో దిగాడు. సిమెంటు, ఇసుక, ఇటుకలు. మేస్త్రీ అటూ ఇటూ చూసి, "నీళ్ళేవి?" అని అడిగాడు. ఛోమ్ తాత వెళ్ళి బడి బాన మూత ఎత్తి చూపించాడు. నోటితో ఒత్ అని మోసపోయింది చాలు. మేస్త్రీ విసుక్కుంటూ ఫోన్ తీశాడు. "సిమెంటు ఉమ్మేసి కలపమంటారా? యంత్రం పంపండి."

మధ్యాహ్నానికి బోరు యంత్రం వచ్చింది. సర్వే లేదు. కాగితం లేదు. పండితుల సంఘం లేదు. ఎవర్నీ నాలుక బయట పెట్టమనలేదు. మూడో రోజున అరవై రెండు మీటర్ల దగ్గర నీళ్ళు పడ్డాయి. మొదట బురద, తర్వాత తెలుపు, తర్వాత తళతళ. మనుషుల కోసం ఇన్నాళ్ళూ పడని బోరు సిమెంటు కోసం మూడు రోజుల్లో పడింది. సిమెంటుకు ఓపిక తక్కువ, గట్టిపడిపోతుంది.

పిల్లలు కుళాయి చుట్టూ మూగి, "డెర్త్ వచ్చింది! డెర్త్ వచ్చింది!" అని గంతులేశారు. మాలిస్ ఈసారి సరిదిద్దలేదు. ఆమె నేరుగా మేస్త్రీ దగ్గరికి వెళ్ళింది.

"కట్టడం అయిపోయాక ఈ మోటారూ పైపులూ ఏం చేస్తారన్నా?"

"పీకేసి పట్టుకుపోతాం పంతులమ్మా. అది మా సామాను."

"కట్టడం నడుస్తున్నన్నాళ్ళూ?"

"నడుస్తున్నన్నాళ్ళూ ఉండాల్సిందే కదా."

మాలిస్ నెమ్మదిగా నవ్వింది. సాయంత్రం యీన్ అవ్వతో మాట్లాడింది.

గోడలు లేచాయి. కప్పు పడింది. హాలు ముందు ఆరు మెట్లు కట్టారు. ప్రారంభోత్సవానికి వారం ముందు యీన్ అవ్వ కర్ర ఊపుకుంటూ వచ్చి, మెట్లు లెక్కపెట్టి, అక్కడే గుండె పట్టుకుని కూలబడింది.

"ఆరా? సరిసంఖ్యా? సరి మెట్లు దయ్యాల ఇంటికి కదరా కడతారు! మా ఊరిని ఏం చేద్దామనుకున్నారు?"

ఇది నిజమే. ఆ దేశంలో ఇంటి మెట్లు బేసిగా ఉండాలి. సంస్థకు సంప్రదాయాల పట్ల అపారమైన గౌరవం. ఆరు మెట్లూ పడగొట్టి ఏడు కట్టించింది. అప్పుడు ఛోమ్ తాతకు ఒక ధర్మసందేహం కలిగింది. నేలను ఆనుకున్న పలకను మెట్టుగా లెక్కించాలా వద్దా? లెక్కిస్తే ఎనిమిది. ఊరు రెండుగా చీలింది. చీలడం కూడా ఎంతో క్రమశిక్షణతో, మాలిస్ రాసిచ్చిన జాబితా ప్రకారం చీలింది. పడగొట్టారు. పలకతో కలిపి తొమ్మిది కట్టారు. తొమ్మిది మెట్లెక్కితే తల గుమ్మానికి తగులుతోంది. గుమ్మం పడగొట్టారు. తూర్పు వాకిలి పడమరకు తిప్పారు. పడమటివైపు వాకిలి ముందు చీమలపుట్ట లేచింది. పుట్టను కదిలించకూడదని అవ్వ కలలో ఎవరో చెప్పారు.

ప్రతి మార్పునూ మాలిస్ చక్కటి ఇంగ్లీషులో హెల్గాకు రాస్తుంది. హెల్గా ప్రతిసారీ కదిలిపోయి కొత్త సిమెంటు పంపుతుంది. ఇది మూడో ఏడు. కేంద్రం తొంభై శాతం పూర్తయిందని ప్రతి ఏటా నివేదిక వెళుతోంది. ఆ తొంభై ఎక్కడికీ కదలడం లేదు. విద్యా కార్యాలయం వాళ్ళు తనిఖీకి వచ్చి కుళాయి తిప్పి చూసి, నీటి వసతి ఉంది అని రాసుకుని వెళ్ళారు. బడి నిలిచింది. కొత్త గోడలు తడుపుతున్నామన్న పేరుతో ఊరంతా బానలు నింపుకుంటోంది. సారిన్ మాత్రం రోజూ ఆకాశం వంక చూస్తున్నాడు. పంతులమ్మ వర్షాలు అన్నది గానీ ఏ ఏడు వర్షాలో చెప్పలేదు.

పక్క ఊళ్ళవాళ్ళు జిల్లా కార్యాలయం ముందు బారులు తీరారు. "త్రపాంగ్ బీకి ఇచ్చారు, మాకెప్పుడు ఇస్తారు డెర్త్?" అని దరఖాస్తులు పెడుతున్నారు. సంస్థ ఎవర్నీ నిరాశపరచడం లేదు. అడిగిన ప్రతి ఊరికీ కొద్దికొద్దిగా ఇస్తోంది.

ఈమధ్య ఏడాది పరీక్షల్లో మాలిస్ పిల్లలకు ఇంగ్లీషు మాటలిచ్చి అర్థాలు రాయమంది. డెర్త్ ఎదురుగా నలభై ముగ్గురూ ఒకే జవాబు రాశారు: 'చల్లగా ఉంటుంది. తిప్పితే వస్తుంది.' ఆమె ఎర్ర కలం తీసింది. కిటికీలోంచి కుళాయి వంక చూసింది. అందరికీ పూర్తి మార్కులు వేసింది.

ఇది తప్పని మీకు అనిపించవచ్చు. నిఘంటువు తీసి సరిచూసుకోవచ్చు కూడా. కానీ దానికి ముందు ఒకసారి లేచి మీ వీధి కుళాయి తిప్పి చూడండి. అందులోంచి ఏది వస్తే ఆ మాటకు మీ ఊళ్ళో అర్థం అదే.